రీసాయింగ్ కోసం పెద్ద బ్యాండ్‌సా: తరచుగా అడిగే ప్రశ్నలు

మందపాటి చెక్కను అంచు మీద నిలబెట్టి, మందం మధ్యగా కోసి పల్చటి పలకలు తీయడాన్నే రీసాయింగ్ అంటారు. బ్యాండ్‌సా (రెండు చక్రాల మీద తిరిగే పట్టీ లాంటి బ్లేడ్‌తో కోసే రంపపు మెషిన్) చేసే పనుల్లో ఇంత బరువైనది ఇంకొకటి లేదు. అందుకే ఈ పని మొదలుపెట్టిన కొద్ది రోజులకే చాలామందికి పెద్ద మెషిన్ మీదకు మనసు పోతుంది. అప్పుడు వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## కొనాలా వద్దా అని తేల్చుకునే ముందు

6 అంగుళాల చెక్క కోస్తుంటే మెషిన్ ఆగిపోతోంది. మోటార్ చిన్నదవడం వల్లేనా?

కావచ్చు. కానీ ముందు బ్లేడ్‌ను అనుమానించండి. మెషిన్‌తో పాటు వచ్చిన బ్లేడ్‌కి సాధారణంగా అంగుళానికి 6 పళ్లో, అంతకంటే ఎక్కువో ఉంటాయి. 6 అంగుళాల ఎత్తులో అవి 36 పళ్లు ఒకేసారి చెక్కలో ఉన్నట్టు. పంటికీ పంటికీ మధ్య ఉన్న చిన్న సందు చెక్క దాటేలోపే పొట్టుతో నిండిపోతుంది. ఆ తర్వాత పళ్లు కోయవు, రాసుకుంటాయి. మోటార్ మూలిగేది అక్కడే.

అంగుళానికి 3 పళ్లున్న కొత్త అరంగుళం బ్లేడ్ వేసి, టెన్షన్ (బ్లేడ్‌ను లాగి పట్టే బిగువు) సరిచేసి, అదే చెక్కను నెమ్మదిగా తోసి చూడండి. పదునైన బ్లేడ్‌తో, నిదానంగా తోసినా కూడా వేగం పడిపోతున్నా, మోటార్ వేడెక్కి ట్రిప్ అవుతున్నా అప్పుడది మోటార్ లోపమే. ఈ పరీక్ష చేయకుండా కొత్త మెషిన్ కొనకండి. చాలామందికి ఆ బ్లేడ్‌తోనే పని జరిగిపోతుంది.

కోత పైనా కిందా సరిగ్గా ఉంది, మధ్యలో మాత్రం పొట్టలా వంగుతోంది. పవర్ పెంచితే పోతుందా?

పోదు, ఇంకా పెరగొచ్చు కూడా. బ్లేడ్‌ను పైన ఒక గైడ్, కింద ఒక గైడ్ పట్టుకుంటాయి. మధ్యలో దాన్ని నిలబెట్టేది టెన్షన్, వెడల్పు మాత్రమే. పళ్లు కోయగలిగిన దానికన్నా ఎక్కువ బలంతో తోస్తే బ్లేడ్ మధ్యభాగం వెనక్కి నొక్కుకుపోయి పక్కకు మెలిపడుతుంది. పవర్ ఎక్కువైతే మోటార్ ఆగదు కాబట్టి, మీరు ఇంకా గట్టిగా తోసి ఇంకా వంకరగా కోస్తారు. మొద్దుబారిన పళ్లు, చాలని టెన్షన్, తొందర ఈ మూడింటినీ వరుసగా చూసుకోండి.

పాత మెషిన్‌కే పెద్ద మోటార్ బిగిస్తే సరిపోదా?

ముప్పావు హెచ్‌పీ ఉన్న 14 అంగుళాల (ఇది చక్రం వ్యాసం) మెషిన్‌ను ఒకటిన్నర హెచ్‌పీ దాకా తీసుకెళ్లడం మంచి ఆలోచనే. తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆపైన లాభం తక్కువ. ఎందుకంటే ఫ్రేమ్, స్ప్రింగ్, చక్రాలు పాతవే కదా, బ్లేడ్‌ను ఇంతకు ముందుకన్నా గట్టిగా లాగలేవు.

మోటార్ మార్చేటప్పుడు నాలుగు విషయాలు కలవాలి: షాఫ్ట్ వ్యాసం, బిగింపు రంధ్రాలు, తిరిగే దిశ, వేగం. వేగం విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త. 50 హెర్ట్జ్ కరెంటు మీద 4 పోల్ మోటార్ దాదాపు 1440 ఆర్‌పీఎం తిరుగుతుంది, 2 పోల్ మోటార్ 2880 దగ్గర తిరుగుతుంది. పుల్లీలు మార్చకుండా రెండోది బిగిస్తే బ్లేడ్ వేగం రెట్టింపవుతుంది. చక్రాలు ఆ వేగానికి తయారైనవి కావు, ప్రమాదం. పొట్టు లోపలికి పోకుండా పూర్తిగా మూసి ఉన్న మోటారే తీసుకోండి.

రైజర్ బ్లాక్ (ఫ్రేమ్ మధ్యలో పెట్టి ఎత్తు పెంచే దిమ్మ) పెడితే 12 అంగుళాలు కోయొచ్చంటున్నారు, నిజమేనా?

ఎత్తు వస్తుంది, బలం రాదు. పోత ఇనుముతో చేసిన చాలా 14 అంగుళాల మెషిన్లకు అసలు ఎత్తు 6 అంగుళాలు. బ్లాక్ పెడితే 12 అవుతుంది. బ్లేడ్ పొడవు కూడా 93.5 అంగుళాల నుంచి 105కి మారుతుంది, అంటే ఉన్న బ్లేడ్లన్నీ పక్కన పెట్టాల్సిందే. ఫ్రేమ్ పొడవైన కొద్దీ టెన్షన్‌కి ఎక్కువ వంగుతుంది. ఎప్పుడో ఒకసారి 8, 9 అంగుళాల పలక కోయడానికైతే బాగుంటుంది. రోజూ 12 అంగుళాలు కోయాలంటే నేను దీన్ని సలహా ఇవ్వను.

టేబుల్ సాతో (బల్ల మధ్య నుంచి గుండ్రటి బ్లేడ్ పైకి వచ్చే రంపం) రెండు అంచుల నుంచీ కోసి, మధ్యలో మిగిలింది బ్యాండ్‌సాతో కోస్తే?

చిన్న మెషిన్ ఉన్నవాళ్లకు పనికొచ్చే పద్ధతి. 8 అంగుళాల పలకకు రెండు వైపులా రెండేసి అంగుళాల గాడి పెడితే బ్యాండ్‌సాకి మిగిలేది 4 అంగుళాలే. కాకపోతే టేబుల్ సా బ్లేడ్ 3 మి.మీ. దాకా చెక్కను పొట్టు చేస్తుంది, బ్యాండ్‌సా ఒక మిల్లీమీటరు అటూఇటుగా మాత్రమే తింటుంది. ఖరీదైన చెక్క నుంచి ఎక్కువ పలకలు తీయాలనుకుంటే ఈ పద్ధతి నష్టం. పైగా నిలబెట్టిన చెక్కను టేబుల్ సా మీద కోసేటప్పుడు ఎత్తైన ఫెన్స్ (చెక్కను ఆనించి తోసే పక్క పలక), ఫెదర్‌బోర్డు (చెక్కను ఫెన్స్‌కి నొక్కి ఉంచే పళ్ల పలక) లేకుండా చేయకూడదు.

## మెషిన్ ఎంచుకునేటప్పుడు

అసలు ఎన్ని హెచ్‌పీ కావాలి?

6 అంగుళాల వరకైతే 1 నుంచి 1.5 హెచ్‌పీ. 10 అంగుళాల వరకు 2 హెచ్‌పీ. 12 అంగుళాలు, గట్టి చెక్క, రోజువారీ పని అయితే 3 హెచ్‌పీ లేదా అంతకన్నా ఎక్కువ. ఇవి కచ్చితమైన హద్దులు కావు. బ్లేడ్ తినే మందం, చెక్క ఎత్తు, తోసే వేగం మూడూ కలిసి పవర్‌ని నిర్ణయిస్తాయి. ఎత్తు రెట్టింపయితే అదే మోటార్‌తో సగం వేగంతో కోయాలి, అంతే. వారానికి నాలుగు పలకలు కోసేవాళ్లకు ఆ నిదానం భారం కాదు. రోజంతా వెనీర్లు (చాలా పల్చటి చెక్క పొరలు) తీసేవాళ్లకు మోటార్ పెద్దది కావాల్సిందే.

మెషిన్ మీద రాసిన హెచ్‌పీని నమ్మొచ్చా?

నేమ్‌ప్లేట్ మీద ఆంపియర్లు చూసి మీరే లెక్క కట్టుకోండి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. 3 హెచ్‌పీ అంటే షాఫ్ట్ దగ్గర 2238 వాట్లు రావాలి. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మోటార్ మీద 8 ఆంపియర్లు అని ఉంటే, 230ని 8తో గుణిస్తే వచ్చేది 1840. లోపలికి వెళ్లేదే 1840 దాటనప్పుడు బయటికి 2238 ఎలా వస్తుంది? నిజమైన 3 హెచ్‌పీ మోటార్ ఆ వోల్టేజి మీద 13 నుంచి 16 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. కొన్నిచోట్ల లోపలికి వెళ్లే పవర్‌నే పెద్ద అక్షరాలతో రాస్తారు, మీకు కావాల్సింది బయటికొచ్చే పవర్.

14 అంగుళాలా, 18 అంగుళాలా? ఆ అంకెకి అర్థం ఏంటి?

అది చక్రం వ్యాసం. బ్లేడ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య దొరికే ఖాళీ దాదాపు అంతే, కాస్త తక్కువ ఉంటుంది. ఎంత ఎత్తు చెక్క పడుతుందో ఈ అంకె చెప్పదు, అది విడిగా చూసుకోవాలి.

రీసాయింగ్‌లో చక్రం సైజు ప్రభావం బ్లేడ్ ఆయుష్షు మీద ఉంటుంది. బ్లేడ్ ప్రతి చుట్టులోనూ చక్రం మీద వంగి మళ్లీ సాగుతుంది. 0.025 అంగుళాల మందం ఉన్న బ్లేడ్ 14 అంగుళాల చక్రం మీద వంగినప్పుడు దాని మీద పడే ఒత్తిడి 50 వేల పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పైనే. 18 అంగుళాల చక్రం మీద అదే బ్లేడ్‌కి 41 వేల దగ్గర. పళ్ల సందుల్లో పగుళ్లు త్వరగా రావడానికీ, నెలల తరబడి మన్నడానికీ మధ్య తేడా ఇక్కడే ఉంది. రీసాయింగే మీ ముఖ్యమైన పని అయితే 16 లేదా 18 అంగుళాల వైపు వెళ్లండి.

ఫ్రేమ్ పోత ఇనుమా, స్టీలా? అంత పట్టించుకోవాలా?

నన్నడిగితే హెచ్‌పీకన్నా ముందు పట్టించుకోవాల్సింది ఇదే. రీసాయింగ్ మెషిన్ చేసే అసలు పని ఒక సన్నటి ఇనుప పట్టీని నిటారుగా బిగించి పట్టుకోవడం. దానికి ఎంత బలం కావాలో లెక్క చూడండి.

అరంగుళం వెడల్పు, 0.025 అంగుళాల మందం ఉన్న కార్బన్ స్టీలు బ్లేడ్‌కి 15 వేల పీఎస్‌ఐ టెన్షన్ కావాలనుకుందాం. బ్లేడ్ అడ్డుకోత వైశాల్యం 0.0125 చదరపు అంగుళాలు. అంటే ఒక్కో వైపు దాదాపు 188 పౌండ్లు, రెండు వైపులా కలిపి పై చక్రం మీద 375 పౌండ్లు, సుమారు 170 కిలోలు. మామూలు 14 అంగుళాల ఫ్రేమ్ దీన్ని మోయగలదు.

ఇప్పుడు ఒక అంగుళం వెడల్పు, 0.035 అంగుళాల మందం ఉన్న కార్బైడ్ బ్లేడ్‌కి (పళ్ల కొనలు చాలా గట్టి పదార్థంతో చేసినది) 25 వేల పీఎస్‌ఐ ఇవ్వాలంటే, అదే లెక్కలో పై చక్రం మీద 1750 పౌండ్లు పడతాయి. దాదాపు 800 కిలోలు! చిన్న ఫ్రేమ్ అంత బరువుకి వంగుతుంది, లేదా స్ప్రింగ్ పూర్తిగా అణిగిపోయి ఇక లాగలేదు. పెట్టెలా వెల్డింగ్ చేసిన బరువైన స్టీలు ఫ్రేమ్‌లు ఈ పనికే తయారయ్యాయి. పోత ఇనుము చెడ్డదని కాదు, పాత కాలపు పెద్ద పోత ఇనుము మెషిన్లు గొప్పగా పనిచేస్తాయి. రెండు ముక్కలుగా చేసి బోల్టుతో కలిపిన చిన్న పోత ఫ్రేమ్‌లకే ఈ పరిమితి.

కాబట్టి అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ" ఒక్కటే కాదు, "ఎంత వెడల్పు బ్లేడ్‌కి ఎన్ని పీఎస్‌ఐ టెన్షన్ ఇవ్వగలదు" అని కూడా.

సెకండ్ హ్యాండ్ మెషిన్ చూడ్డానికి వెళ్తున్నా, ఏం గమనించాలి?

కరెంటు తీసేసి, బ్లేడ్ తీయించి, చక్రాలను చేత్తో తిప్పండి. పక్కలకు ఊగితే చక్రమో బేరింగో పోయినట్టు. చక్రం మీది రబ్బరు టైర్ ఎండి పగిలి ఉంటే భయపడక్కర్లేదు, మార్చుకోవచ్చు. టెన్షన్ స్ప్రింగ్ అణిగిపోయినా మార్చుకోవచ్చు. ఫ్రేమ్‌కి పగులు, పై చక్రం జారే గాడి వంగిపోవడం, చక్రం బీటలు వారడం కనిపిస్తే మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి. పై గార్డ్ కిందికీ పైకీ కదిలేటప్పుడు గైడ్లు బ్లేడ్ వరుసలోనే ఉంటున్నాయో లేదో కూడా చూడండి.

## కరెంటు, దింపుడు

ఇంట్లో మామూలు ప్లగ్ పాయింట్‌కి 3 హెచ్‌పీ మెషిన్ పెట్టొచ్చా?

పెట్టకండి. నడిచేటప్పుడే 13 నుంచి 16 ఆంపియర్లు తీసుకునే మోటార్, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. విడిగా లైన్ వేయించి, మోటార్లకు సరిపోయే బ్రేకర్, గట్టి ఎర్తింగ్ పెట్టించాలి. ఈ పని ఎలక్ట్రీషియన్‌దే.

సన్నటి వైరుతో ఇంకో నష్టం ఉంది. ఇండక్షన్ మోటార్ టార్క్ వోల్టేజి వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వైరు పొడవు వల్ల వోల్టేజి 10 శాతం పడితే టార్క్ 19 శాతం పోతుంది. పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డుతో నడుపుతూ మెషిన్‌కి బలం లేదనుకునేవాళ్లు ముందు ఆ బోర్డు తీసి చూడాలి.

త్రీ ఫేజ్ మోటార్ ఉన్న మెషిన్ దొరికింది, మా దగ్గర సింగిల్ ఫేజే ఉంది. వదిలేయాలా?

వదిలేయక్కర్లేదు. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీలు (మోటార్ వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టెలు) 3 హెచ్‌పీ వరకు తేలిగ్గానే దొరుకుతాయి. మోటార్ మెల్లగా స్టార్ట్ అవుతుంది, ఆపినప్పుడు బ్రేక్ కూడా పెట్టుకోవచ్చు. మోటార్ వైండింగ్ వీఎఫ్‌డీ ఇచ్చే వోల్టేజికి కలుస్తుందా అన్నది కొనే ముందే చూపించుకోండి.

ఇద్దరం కలిసి దింపేయగలమా?

18 అంగుళాల మెషిన్ 200 కిలోలకు అటూఇటుగా ఉంటుంది, బరువంతా పైనే. వంచితే తిరగబడుతుంది. మనుషుల్ని పెంచండి, లేదా చిన్న క్రేన్ తెప్పించండి. బల్ల పట్టుకుని మాత్రం ఎత్తకండి.

## బ్లేడ్

రీసాయింగ్‌కి ఏ బ్లేడ్ వేయాలి?

14 అంగుళాల మెషిన్‌కి అరంగుళం వెడల్పు, అంగుళానికి 3 పళ్లు, హుక్ ఆకారం. పెద్ద మెషిన్‌కి ముప్పావు నుంచి ఒక అంగుళం వెడల్పు, అంగుళానికి 2 లేదా 3 పళ్లు. పళ్లు తక్కువైతే సందులు పెద్దవై పొట్టు బయటికి మోస్తాయి. కోత ఉపరితలం కాస్త గరుకుగా వస్తుంది, అది చిత్రికతో పోతుంది.

బ్యాండ్‌సా చరిత్ర కూడా బ్లేడ్ గురించే. ఇంగ్లండ్‌లో విలియం న్యూబెరీ దీనికి పేటెంట్ తీసుకున్నది 1809లో. కానీ తెగకుండా నిలిచే బ్లేడ్ లేక ఆ ఆలోచన కాగితం మీదే దశాబ్దాలు ఉండిపోయింది. 1846లో ఫ్రెంచి మహిళ ఆన్ పోలిన్ క్రెపిన్ బ్లేడ్ కొసలు అతికే పద్ధతికి పేటెంట్ తీసుకున్న తర్వాతే దారి తెరుచుకుంది.

నా మెషిన్‌కి ముప్పావు అంగుళం బ్లేడ్ పడుతుందని రాశారు. వేసేయొచ్చా?

పట్టడం వేరు, బిగియడం వేరు. వెడల్పు పెరిగిన కొద్దీ అదే టెన్షన్‌కి ఎక్కువ బలం కావాలి. చిన్న మెషిన్ మీద సరైన టెన్షన్ అందిన అరంగుళం బ్లేడ్, వదులుగా ఉన్న ముప్పావు బ్లేడ్‌కన్నా తిన్నగా కోస్తుంది. 14 అంగుళాల వాళ్లు అరంగుళం దగ్గర ఆగడం మేలు.

కార్బైడ్ బ్లేడ్‌కి అంత డబ్బు పెట్టడం దండగ కాదా?

పని ఎంత ఉందన్న దాన్ని బట్టి. టేకులాంటి చెక్కలో సిలికా ఉంటుంది, అది కార్బన్ స్టీలు పళ్లను చాలా త్వరగా అరగదీస్తుంది. అలాంటి చెక్క ఎక్కువగా కోసేవాళ్లకు కార్బైడ్ తన ఖర్చు తాను తెచ్చుకుంటుంది. కోత కూడా ఎంతో నునుపుగా వస్తుంది, వెనీర్లకు అది చాలా ముఖ్యం. కానీ మెషిన్ దానికి 25 వేల పీఎస్‌ఐ ఇవ్వలేకపోతే ఆ డబ్బు నిజంగానే వృథా. మేకు ఒక్కటి తగిలినా పళ్లు రాలతాయి, పాత చెక్క అయితే మెటల్ డిటెక్టర్‌తో వెతికి కోయండి.

టెన్షన్ సరిగ్గా ఉందో లేదో మీటర్ లేకుండా ఎలా తెలుస్తుంది?

మెషిన్ మీది స్కేలు కొత్తలో అంచనాకి పనికొస్తుంది, స్ప్రింగ్ పాతబడ్డాక అదీ తప్పుతుంది. డయల్ కాలిపర్ ఉంటే మంచి మార్గం ఉంది. మెషిన్ ప్లగ్ తీసేయండి. టెన్షన్ ఇంకా మొదలవ్వక ముందు, బ్లేడ్ తిన్నగా నిలిచాక, కాలిపర్ రెండు దవడలను 125 మి.మీ. దూరంలో చిన్న క్లాంపులతో బ్లేడ్‌కి బిగించండి. తర్వాత టెన్షన్ పెంచుతూ అంకె చూడండి. 0.06 మి.మీ. సాగితే దాదాపు 15 వేల పీఎస్‌ఐ, 0.1 మి.మీ. సాగితే దాదాపు 25 వేలు. స్టీలు సాగే గుణం ఒకటే కాబట్టి బ్లేడ్ వెడల్పు ఎంతైనా ఇవే అంకెలు. చూడటం అయిపోయాక క్లాంపులు తీయడం మరిచిపోకుండా ఉండాలి.

## కోసేటప్పుడు

గీత తిన్నగా గీశాను, బ్లేడ్ మాత్రం పక్కకి లాగుతోంది. ఎందుకు?

దీన్ని డ్రిఫ్ట్ అంటారు. ఒక వైపు పళ్లు మొద్దుబారితే బ్లేడ్ పదునున్న వైపుకి పోతుంది. బ్లేడ్ కొత్తదైతే పై చక్రం మీద అది నడిచే చోటు చూడండి. చక్రం ఉబ్బెత్తు టైర్ ఉన్న రకమైతే, చక్రం ఏటవాలుగా ఉన్న కొద్దీ బ్లేడ్ కూడా ఆ కోణంలో తిరుగుతుంది. బ్లేడ్‌ను చక్రం మధ్యకు తెచ్చుకుంటే చాలా మెషిన్లలో డ్రిఫ్ట్ దాదాపు పోతుంది. ఇంకా మిగిలితే, ఒక వేస్ట్ చెక్క మీద గీత గీసి, ఫెన్స్ లేకుండా చేత్తో కోసి, ఏ కోణంలో తిన్నగా వస్తోందో ఆ కోణంలో ఫెన్స్ బిగించండి.

గైడ్లు బ్లేడ్‌ను నొక్కకూడదు, ఒక కాగితం మందం ఖాళీ ఉంటే చాలు. వెనక బేరింగ్ కూడా చెక్క తగిలినప్పుడే తిరగాలి.

ఫెన్స్ ఎంత ఎత్తుండాలి?

కోసే చెక్క ఎత్తులో కనీసం సగం, దగ్గర దగ్గర అంతే ఉంటే మరీ మంచిది. ఫెన్స్ బల్లకు లంబంగా ఉందో లేదో మూలమట్టంతో చూడండి. చెక్క ఒక ముఖం, ఒక అంచు ముందే చిత్రిక పట్టి ఉండాలి, ఆ ముఖమే ఫెన్స్‌కి ఆనాలి. ఫెదర్‌బోర్డు పెడితే బ్లేడ్‌కి ముందు పెట్టండి. బ్లేడ్ ఎదురుగా పెడితే కోత మూసుకుని బ్లేడ్‌ని పట్టేస్తుంది.

ఎంత వేగంగా తోయాలి?

చెవితో వినండి. మోటార్ శబ్దం కాస్త దిగినా పర్లేదు, బాగా దిగితే తగ్గించండి. మరీ నెమ్మదిగా తోసినా తప్పే, పళ్లు కోయకుండా రుద్దుతూ వేడెక్కి చెక్కను కమరుస్తాయి. చివరి రెండు అంగుళాల్లో తప్పనిసరిగా నిదానించండి, అక్కడ చెక్క ఉన్నట్టుండి తెగి చెయ్యి ముందుకు పడుతుంది. ఆ చివర పుష్ స్టిక్ వాడాలి, లేదా కోసిన పలకలను వెనక నుంచి లాగాలి.

గుండ్రటి దుంగను నేరుగా కోయొచ్చా?

కోయకూడదు. పళ్ల బలం కిందికి ఉంటుంది, గుండ్రటి దుంగ ఆ బలానికి గిర్రున తిరిగి బ్లేడ్‌ను మెలిపెడుతుంది. ఒక స్లెడ్‌కి (బల్ల మీద జారే చదును పలక) స్క్రూలతో బిగించి ముందు ఒక చదును ముఖం తీయండి.

బ్యాండ్‌సా పెద్దది కదా, చేతులకి ప్రమాదం ఎక్కువా?

చెక్కను కిందికే నొక్కుతుంది కాబట్టి టేబుల్ సాలా వెనక్కి విసరదు. అయితే 12 అంగుళాల ఎత్తు కోసేటప్పుడు అంత పొడవు బ్లేడ్ బయటే ఉంటుంది. పై గార్డ్‌ను చెక్కకు 6 మి.మీ. పైన నిలపండి. చెక్క దాటగానే ఆ బ్లేడ్ అంతా తెరిచే ఉంటుందని గుర్తుంచుకోండి. ఆపిన తర్వాత కూడా బరువైన చక్రాలు చాలాసేపు తిరుగుతాయి. బ్రేక్ ఉన్న మెషిన్ దొరికితే అదే తీసుకోమంటాను.

దుమ్ముకి మాస్క్ చాలదా?

చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995లోనే చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో, మొదటి వర్గంలో చేర్చింది. రీసాయింగ్‌లో వచ్చే దుమ్ము మిగతా కోతలన్నింటికన్నా ఎక్కువ. బల్ల కింద బ్లేడ్ దిగే చోట ఒకటి, కింది క్యాబినెట్ అడుగున ఒకటి, రెండు 100 మి.మీ. పైపులు డస్ట్ కలెక్టర్‌కి కలపండి, దాని పైన మాస్క్ పెట్టుకోండి. పొట్టు లాగేస్తే టైర్ల మీద పేరుకోదు, బ్లేడ్ కూడా తిన్నగా నడుస్తుంది.

## కోసిన తర్వాత

నిన్న తిన్నగా కోసిన పలకలు ఇవాళ వంగిపోయాయి. మెషిన్ తప్పా?

కాదు, చెక్కది. కోస్తుండగానే పలకలు విచ్చుకుపోవడమో, మూసుకుపోవడమో జరిగితే చెక్కలో ముందే బిగిసి ఉన్న ఒత్తిడి బయటపడినట్టు. ఒకటి రెండు రోజుల తర్వాత వంగితే తేమ కారణం: మందపాటి చెక్క పైన ఆరినా లోపల తడి ఉంటుంది, కొత్తగా బయటపడ్డ ముఖం ఆరి కుంచించుకుని పలక ఆ వైపుకి గిన్నెలా ఒంగుతుంది. కోసిన వెంటనే పలకల మధ్య ఒకే మందం ఉన్న పుల్లలు పెట్టి, గాలి రెండు వైపులా తగిలేలా పేర్చి, పైన బరువు ఉంచండి. కొన్ని రోజులు ఆగి తర్వాత చిత్రిక పట్టండి.

6 మి.మీ. పలక కావాలంటే ఎంత మందంగా కోయాలి?

8 లేదా 9 మి.మీ. పలక వెడల్పు ఎక్కువైనా, చెక్క పూర్తిగా ఆరలేదనిపించినా 10 తీసుకోండి. ప్రతి కోత తర్వాత మిగిలిన దిమ్మ ముఖాన్ని మళ్లీ చిత్రిక పట్టి ఫెన్స్‌కి ఆనించండి. అలా చేస్తే ప్రతి పలకకు ఒక నునుపు ముఖం ముందే ఉంటుంది.

పని అయ్యాక ప్రతిసారీ టెన్షన్ వదలాలా?

మర్నాడు మళ్లీ వాడేట్టయితే అవసరం లేదు. రోజుల తరబడి ఆపేస్తే మాత్రం వదిలేయండి. లేకపోతే టైర్ మీద ఒకేచోట నొక్కు పడుతుంది, స్ప్రింగ్ బలం తగ్గుతుంది. వదిలినప్పుడు స్విచ్ మీద "టెన్షన్ లేదు" అని ఒక చీటీ తగిలించండి, మీరు కాక ఇంకెవరైనా వచ్చి ఆన్ చేస్తే బ్లేడ్ చక్రం మీంచి జారిపోతుంది.